అడిగి వేసిన అడుగు

ఫిబ్రవరి మొదటి వారం. ఇంకా చీకటి విడకముందే సూళ్లూరుపేట స్టేషన్లో రైలు దిగాను. అక్కడి బడిలో పంతులుగా పనిచేసే మిత్రుడు మోటారుసైకిల్ మీద వచ్చి ఎదురుచూస్తున్నాడు. టీ తాగి శ్రీహరికోట దారి పట్టాం. ఊరు దాటిన కాసేపటికి రోడ్డుకి రెండు వైపులా పొలాలు పోయి నీళ్ళు వచ్చాయి. తూర్పున ఆకాశం ఎర్రబడుతోంది. ఆ వెలుగులో, చాలా దూరంగా, నీటి మీద లేత గులాబీ రంగు దారం లాగి కట్టినట్టు ఒక గీత. మిత్రుడు బండి ఆపి "అవే" అన్నాడు. ఫ్లెమింగోలు.

ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్న పక్షులు. కంటికి మాత్రం సరిగా ఆనడం లేదు. రోడ్డు గట్టు కింద తెల్లటి నేల కనిపించింది. నీళ్ళు తగ్గిన చోట ఉప్పు పేరుకుని గచ్చు చేసినట్టుంది. దాని మీద ఒక ఫర్లాంగు నడిస్తే పక్షులు దగ్గరవుతాయి కదా అని గట్టు దిగి కాలు పెట్టబోయాను.

"ఆగు నాయనా! ఆడ కాలు పెట్టబాక!"

కేక వేసిన పెద్దాయన గట్టు వారన వల దులుపుకుంటున్నాడు. లేచి వచ్చి, చేతిలోని గెడను నేను అడుగు వెయ్యబోయిన చోటే గుచ్చాడు. పైపెచ్చు పెటుక్కున విరిగింది. గెడ మూరెడు లోతుకి సులువుగా దిగిపోయింది. పైకి లాగితే కొసన నల్లటి అడుసు, కుళ్ళిన గుడ్డు వాసన.

"పైకి గట్టిగా కనపడతాది. కిందంతా అడుసే. మోకాలి దాకా దిగినావంటే నీ అంతట నువ్వు బయటికి రాలేవు. తెలీని చోట అడిగి అడుగెయ్యాల. మా పిల్లోళ్ళకి నడక రాంగానే చెప్పే మాట ఇది" అన్నాడు.

ఆయనకు దణ్ణం పెట్టి గట్టెక్కాను. ఆ మాట ఆ పూటకే సరిపోయేది అనుకున్నాను. మూడు రోజులు ఆ తీరమంతా తిరిగాక, పక్షులకీ చెట్లకీ సముద్రానికీ కూడా సరిపోయే మాట అదేనని తెలిసింది.

పులికాట్ సరస్సుని ఈ ప్రాంతం వాళ్ళు ప్రళయకావేరి అంటారు. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి గోడలా నిలబడి ఉంది. పడమటి నుంచి కాళంగి, అరణి నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. ఇసుక తెరిచిన దారుల గుండా సముద్రం ఉప్పునీళ్ళు తెచ్చి కలుపుతుంది. ఈ రెండు నీళ్ళూ కలిసిన పాళ్ళ మీదే సరస్సు బతుకంతా ఆధారపడి ఉంటుంది.

అంత పెద్ద సరస్సు లోతు సగటున ఒక మీటరు మాత్రమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి నిండుతుంది. ఎండాకాలానికి ఉత్తరపు భాగం చాలా మటుకు ఎండిపోయి ఉప్పు తేలుతుంది. రొయ్య పిల్లలు సముద్రం నుంచి ముఖద్వారం గుండా లోపలికి వచ్చి, ఈ ఉప్పు కలిసిన నీళ్ళలో పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. అందుకే ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే జాలరి ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం కనపడుతుంది. "సరస్సుకి అది ముక్కు లాంటిది సార్. అది మూసుకుంటే ఊపిరాడదు" అని ఒక యువకుడు తర్వాత నాతో అన్నాడు.

ఎండ కాస్త పైకొచ్చాక మిత్రుడు తన బైనాక్యులర్ చేతికిచ్చాడు. దారంలా కనిపించిన గీత వందల పక్షులై విడిపోయింది. నాలుగడుగులకి పైబడ్డ ఎత్తు, కర్రల్లాంటి కాళ్ళు, కొడవలిలా వంగిన ముక్కు. తలని తలకిందులుగా నీళ్ళలో ముంచి, ముక్కుతో నీటిని లోపలికి లాగి, నాచునీ సన్నటి పురుగుల్నీ జల్లెడ పట్టుకుని, నీళ్ళు బయటికి వదిలేస్తాయి. ఆ తిండిలోని రంగే వాటి ఈకలకు పడుతుంది. గుంపు మధ్యలో బూడిద రంగువి కొన్ని ఉన్నాయి. అవి ఇంకా ఈడు రాని పిల్లలు. పెద్ద ఫ్లెమింగోలు మన దేశంలో గుడ్లు పెట్టే ప్రధానమైన చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. ఇక్కడికి అవి వచ్చేది మేత కోసం.

మేత కోసం అన్న మాట ముఖ్యం. మిత్రుడు పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు మూడు గుర్తులు చెబుతాడట. పక్షి తల నీళ్ళలో ఉంటే మనం సరైన దూరంలో ఉన్నట్టు. తలెత్తి మన వైపు చూసిందంటే అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్ళినట్టు. లేచి ఎగిరిందంటే తప్పు జరిగిపోయినట్టు. ఫ్లెమింగో కూర్చున్న చోటి నుంచి ఒక్కసారిగా ఎగరలేదు. నీటి మీద కొంతదూరం పరుగెత్తి గాలిలోకి లేవాలి. మనం సెల్‌ఫోన్లో తీసుకునే ఒక్క ఎగిరే ఫోటో కోసం ఆ పక్షి తిన్న తిండిలో కొంత ఖర్చుపెడుతుంది. అరుపులు, డ్రోన్లు, నీళ్ళలోకి రాళ్ళు విసరడం, ఇవన్నీ దాని కంచం లాగెయ్యడమే. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఈ పక్షుల పేరున ఫ్లెమింగో పండగ చేస్తున్నారు. మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, 2025 జనవరిలో మళ్ళీ చేశారు. పండగకి వచ్చే ప్రతి కుటుంబానికీ ఈ మూడు గుర్తులూ తెలిస్తే పక్షులకి అంతకన్నా మర్యాద లేదు.

మధ్యాహ్నం నేలపట్టు వెళ్ళాం. నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య జాతీయ రహదారి నుంచి లోపలికి తిరిగితే దగ్గరే. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించిన చోటు. చెరువులో నీళ్ళలోనే నిలబడి పెరిగే చెట్లు, వాటి నిండా గూడబాతులు. ముక్కు కింద సంచి వేలాడే ఈ పెద్ద పక్షులు ఇక్కడ గూళ్ళు కట్టుకుని, పులికాట్ దాకా ఎగిరి వెళ్ళి చేపలు పట్టుకొచ్చి పిల్లలకు పెడతాయి. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు. చెరువంతా సంతలా గోల.

ఊళ్ళో ఒక రైతు మాతో మాట్లాడాడు. పక్షుల రెట్ట పడ్డ చెరువు నీళ్ళు పొలానికి పెడితే ఎరువు వేసినంత బలమని చెప్పాడు. "మా తాతల నాటి నుంచీ ఇవి వస్తా ఉండాయి. వీటిని తోలేది మాకు తెలవదు. ఇవి రాని ఏడు వానలు లేని ఏడే" అన్నాడు. చట్టం బోర్డు పెట్టక చాలా ముందే ఈ ఊరు ఈ పక్షుల్ని కాపాడింది. ఎవరికి ఎవరు ఏమిస్తున్నారో ఊరికి తెలుసు. అలాంటి చోట కాపలా దానంతట అదే ఉంటుంది.

తిరిగి వస్తూ దారి పక్కన చూస్తే ఎటు చూసినా ఒకే పచ్చ. సన్నటి ఆకులు, వంకర కొమ్మలు, వేలెడు ముళ్ళు. సర్కారు తుమ్మ. కొన్నిచోట్ల సీమ తుమ్మ అంటారు. గట్లు, బీళ్ళు, కాలవ ఒడ్డులు, సరస్సు అంచులు, ఖాళీ అన్నది కనిపిస్తే చాలు అది అల్లుకుపోయింది. బురద నేల తెరిపిగా ఉంటేనే గాని ఒడ్డున తిరిగి పురుగులు ఏరుకునే ఉల్లంకి పిట్టలకి బతుకు లేదు. చుట్టూ కంప మూసుకొస్తే అవి అక్కడ దిగవు. పశువులు మేసే గడ్డి నేలదీ అదే కథ.

ఈ చెట్టు మన నేలది కాదు. మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాలది. ఇది మన దేశంలోకి వచ్చిన దారి నేరుగా మన కడప జిల్లాకి వెళ్తుంది. 1876లో మద్రాసు రాజధాని ఉత్తర మండల అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్, ఎండిన నేలల్లో వంటచెరకు కోసం ఈ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. 1877లో జమైకా నుంచి విత్తనాలు వచ్చాయి. కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఉద్దేశం మంచిదే. కట్టెలు లేని కరువు సీమకి కట్టెలివ్వాలని. కాని ఈ చెట్టు ఎంత దూరం పోతుందో అప్పుడు ఎవరూ ఆరా తియ్యలేదు. దాని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు. పేడలో పడ్డ చోటల్లా మొలుస్తుంది. నరికితే మోడు నుంచి పది కొమ్మలు వేస్తుంది. ఉప్పు నేల, ఎండ, కరువు, దేనికీ లొంగదు. కట్టెల కోసం తెచ్చిన చెట్టు నూటయాభై ఏళ్ళకి తీరం దాకా వచ్చి కూర్చుంది.

దారిలో కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఒక యానాది ఆడమనిషి ఎదురైంది. మోపు దించుకుని సేదదీరుతుంటే మాట కలిపాను. అమ్మా, ఈ చెట్టంతా పీకేస్తే మంచిది కదా అన్నాను. ఆమె నవ్వలేదు, కోపమూ పడలేదు. "పీకెయ్యండి సార్. రేపు పొయ్యిలోకి ఏం పెట్టేది? అది కూడా చెప్పి పీకండి" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. బొగ్గులు కాల్చి బతికేవాళ్ళు, కట్టెలమ్మి పూట గడుపుకునేవాళ్ళు ఈ చెట్టు చుట్టూ వేలల్లో ఉన్నారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో వలస కొంగలు గూళ్ళు కట్టుకునేది కూడా ఈ తుమ్మల మీదే. వేరే చెట్లు లేక. అడగకుండా తెచ్చి నాటడం ఎంత తప్పో, అడగకుండా ఒక్కసారిగా కొట్టెయ్యడమూ అంతే తప్పు. గూళ్ళ కాలం దాటాక, ఒక్కో ముక్కా తీస్తూ, తీసిన చోట ఈ నేల చెట్లు పెంచుతూ, కట్టెల మీద బతికేవాళ్ళకి వేరే దారి చూపిస్తూ చెయ్యాల్సిన పని అది. తొందర పనికిరాదు. అలాగని వదిలేస్తే సరస్సు అంచులు మిగలవు.

బయటి నుంచి వచ్చిందల్లా చెడ్డదని కాదు. మన కూరలోని మిరప, మన చేలలోని వేరుశెనగ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అవి రైతు చెయ్యి దాటి పోలేదు. నాటిన చోటే ఉన్నాయి. మనిషి చెయ్యి దాటిపోయి, ఉన్నవాటి తిండీ చోటూ లాక్కునేవే చేటు. ఊరి చెరువుల మీద ఊదా పూల దుప్పటిలా పరుచుకునే గుర్రపు డెక్క కూడా అంతే. అందమైన పువ్వని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్నారు. ఇప్పుడు దాని కింద నీటికి గాలి ఆడదు, చేపకి వెలుగు అందదు.

రెండో రోజు పొద్దున్నే తడ దగ్గర భీమునివారిపాలెం వెళ్ళాం. అక్కడి నుంచి సరస్సులోకి పడవలు పోతాయి. మా పడవ నడిపిన యువకుడు ముందు లైఫ్ జాకెట్లు తెచ్చి చేతికిచ్చాడు. లోతు లేదు కదా అని మిత్రుడు అనబోతే, అతను అడ్డుకున్నాడు. "లోతు లేదని కాదు సార్. పడవ తిరగబడితే అడుసులో కాలు ఇరుక్కుంటాది. ఈతొచ్చినోడు కూడా మునిగిపోతాడు. జాకెట్టు లేకుండా నేను ఎక్కించుకోను."

అతని పట్టుదల ఊరికే వచ్చింది కాదు. 2011 క్రిస్మస్ రోజున ఈ సరస్సులోనే, తమిళనాడు వైపు, విహారానికి వెళ్ళిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. పండగ పూట బంధువులంతా కలిసి బయల్దేరిన ప్రయాణం అది. ప్రశాంతంగా కనిపించే సరస్సు, సముద్రాన్ని కలిసే చోటికి దగ్గరయ్యే కొద్దీ వేరేగా ప్రవర్తిస్తుంది. ఆటుపోట్లు తోసే నీళ్ళూ, మీద నుంచి కొట్టే గాలీ అక్కడ ఒకదానికొకటి ఎదురవుతాయి. పడవ ఎక్కేముందు మూడు సంగతులు అడగాలి. ఎంతమంది ఎక్కొచ్చు, జాకెట్లు అందరికీ ఉన్నాయా, ముఖద్వారం వైపు తీసుకెళ్తారా. మూడోదానికి అవునంటే ఆ పడవ ఎక్కకపోవడమే మంచిది.

ఆ మధ్యాహ్నం గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా సరస్సు దక్షిణపు కొసన ఉన్న పళవేర్కాడుకి చేరాం. పులికాట్ అన్న పేరు పుట్టింది ఈ ఊరి పేరు నుంచే. 1613లో డచ్చివాళ్ళు ఇక్కడ గెల్‌డ్రియా కోట కట్టారు. కోట శిథిలమైపోయింది. పుర్రె, ఎముకలు చెక్కిన వాళ్ళ సమాధి రాళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి. ఆ సమాధుల తోట చూసి, నీటి ఒడ్డుకి వెళ్తే నడుము లోతు నీళ్ళలో కొందరు ఆడవాళ్ళు వంగి, చేతులతో అడుగు తడుముతూ రొయ్యలు పడుతున్నారు. ప్రతి ఒక్కరూ ఒక తాటాకు బుట్టని పళ్ళతో కరిచి పట్టుకున్నారు. దొరికిన రొయ్య దొరికినట్టు ఆ బుట్టలోకి పోతుంది. వల లేదు, పడవ లేదు. రెండు చేతులూ, నేల గురించిన ఎరుకా, అంతే పెట్టుబడి.

ఒడ్డుకొచ్చిన ఒకామెకి తెలుగు వచ్చు. ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆమె అరచేతులు, అరికాళ్ళు చూపించింది. నిండా సన్నటి గాట్లు. గుప్పెడు నల్లటి చిన్న గుల్లల్ని నా ముందు పోసింది. దారపు పోగుల్లాంటి వాటితో ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయి. "దీన్ని కాక్కా ఆళి అంటారు. మా అమ్మ కాలంలో ఇది లేదు. ఇప్పుడు అడుగంతా దుప్పటి కప్పినట్టు పరుచుకుంది. రొయ్య దూరేదానికి మట్టి దొరకదు. మేం చెయ్యి పెడితే కోస్తాది. మంచి గుల్లలు కూడా తగ్గిపోయినాయి."

శాస్త్రవేత్తలు దీన్ని చారు మస్సెల్ అంటారు. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా తీరాలు. కొన్నేళ్ళ కింద సింగపూర్, థాయిలాండ్ తీరాల్లో కనిపించింది. తర్వాత కేరళ తీరపు సరస్సుల్లో తేలింది. ఆపైన ఎన్నూరు, పులికాట్ నీళ్ళలోకి వచ్చింది. ఇలాంటివి సముద్రాలు దాటేది ఓడల మీదే. సరుకు లేని ఓడ నిలకడ కోసం ఒక రేవులో నీళ్ళు నింపుకుని, మరో రేవులో వదిలేస్తుంది. ఆ నీళ్ళలో కంటికి కనపడని గుల్ల పిల్లలు వేలకొద్దీ ఉంటాయి. ఓడ అడుగుకి అతుక్కుని వచ్చేవి మరికొన్ని. ఆ నీటిని శుద్ధి చేసి వదలాలని ప్రపంచ దేశాలు 2004లో ఒప్పందం రాసుకున్నాయి. అది అమలులోకి వచ్చేసరికి 2017 సెప్టెంబరు అయింది. ఆ లోపు వెళ్ళాల్సినవి వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిపోయాయి.

ఈ దక్షిణపు ఊళ్ళలో పాడు అని ఒక పాత కట్టుబాటు ఉంది. ఏ రోజు ఎవరు ఏ చోట వల వెయ్యాలో చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. మంచి చోటు ఎప్పుడూ ఒకడికే దక్కకుండా అందరికీ తిరుగుతుంది. నీటిని ఇంత న్యాయంగా పంచుకున్న మనుషుల మధ్యకి వంతు తెలియని గుల్ల ఒకటి వచ్చి పడింది. ఒకసారి అడుగు పట్టుకున్నాక దాన్ని పూర్తిగా తీసెయ్యడం దాదాపు అసాధ్యం. అందుకే రాకముందు ఆపడమే అసలు మందు.

ఇది ఓడలవాళ్ళ పని, మనకేమిటి అనుకోవడానికి లేదు. ఇంట్లో అక్వేరియం తీసేస్తూ చేపల్ని చంపడం పాపమని చెరువులో వదిలేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు! గాజు మీద పాచి తింటుందని కొనుక్కునే సక్కర్ చేప అలాగే చెరువుల్లోకి దిగి, గట్లు తొలిచి, చేపల రైతుల వలలు చింపుతోంది. చెవుల దగ్గర ఎర్ర చారలుండే అలంకారపు తాబేలు పిల్ల పెరిగి పెద్దదయ్యాక కోనేట్లో వదలడమూ అంతే. జాలిపడి చేసిన పనే. అయినా దాని బాధ పడేది ఆ నీళ్ళలో ముందునుంచీ ఉన్న ప్రాణులు. పెంచలేకపోతే అమ్మిన కొట్టుకే తిరిగిచ్చెయ్యాలి, లేదా పెంచుకునేవాళ్ళకి ఇవ్వాలి. చెరువుకి మాత్రం ఇవ్వకూడదు.

మూడో రోజు చీకటితోనే లేచి, వాకాడు మీదుగా తూపిలిపాలెం సముద్రపు ఒడ్డుకి వెళ్ళాం. ఇసుక మీద ట్రాక్టరు టైరు పోయినట్టు ఒక జాడ నీళ్ళ నుంచి పైకి వచ్చి, మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళింది. అది పెట్టే గుడ్లు నూరు దాకా ఉంటాయి. యాభై రోజులకి కాస్త అటూ ఇటూగా పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడదో మగదో తేలుతుంది. రాత్రిపూట సముద్రం మీది వెలుగుని చూసి అవి నీళ్ళ వైపు నడుస్తాయి. ఒడ్డున లైట్లు ఉంటే అటు తిరిగి, దారి తప్పి చచ్చిపోతాయి. మనం వదిలేసిన తిండి కోసం చేరే కుక్కలు గూళ్ళు తవ్వేస్తాయి. తుఫాను గాలి ఆపడానికని నాటిన సరుగుడు తోపులు అలల అంచు దాకా వస్తే తాబేలుకి గుంత తవ్వుకునే చోటు ఉండదు. సరుగుడు నాటొద్దని కాదు. నీళ్ళ నుంచి ఎంత దూరంలో నాటాలో తాబేలుని చూసి నిర్ణయించాలి.

పొద్దెక్కేసరికి కారులో ఒక కుర్రాళ్ళ గుంపు వచ్చింది. చొక్కాలు విప్పి నీళ్ళ వైపు పరుగెత్తారు. అక్కడ అలలు రెండు పక్కలా తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా, నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో ఉంది. వాళ్ళు అక్కడికే పోతున్నారు. పడవ దగ్గర ఉన్న జాలరి చెయ్యెత్తి గట్టిగా అరిచాడు. "తమ్ముడూ, అక్కడొద్దు! నెమ్మదిగా ఉండాది చూడు, అదే లాగేది!"

నేను చదువుకునే రోజుల్లో ఒక ఒడ్డున సరిగ్గా అలాంటి పాయలోనే నా స్నేహితుడు కొట్టుకుపోయాడు. నడుము లోతులో నిలబడ్డవాడు చూస్తుండగానే దూరమయ్యాడు. ఒడ్డుకి రావాలని ఎదురీదాడు. ఎంత ఈదితే అంత అలిసిపోయాడు. నేను దూకబోతే ఒక జాలరి నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగేశాడు. తన పడవలోని తాడుకి ఖాళీ డబ్బా కట్టి విసిరాడు. స్నేహితుడు దాన్ని పట్టుకుని తేలి ఉండగలిగాడు. అలా బతికాడు. నేను దూకి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. ఆ రోజు నా జబ్బ మీద పడ్డ చెయ్యి నాకిప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని కిందికి ముంచదు, దూరంగా లాగుతుంది. దానికి ఎదురీదకూడదు. కంగారుపడకుండా తేలి ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ పాయ దాటాక అలలే మనిషిని ఒడ్డుకి తోస్తాయి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు దూకకూడదు. తాడు, డబ్బా, లైఫ్ జాకెట్, ఏది దొరికితే అది విసిరి, 112కి ఫోన్ చెయ్యాలి. తాగి నీళ్ళలోకి దిగడమంటే ఇవేవీ పనికిరాకుండా చేసుకోవడమే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం ఎలా ఉండబోతోందో, ఎత్తైన అలలు ఎప్పుడు వస్తాయో ముందే చెబుతుంది. మన తీరమంతటా జాలర్లు ఆ సమాచారం చూసుకుని వేటకి వెళ్తారు. సరదాకి వెళ్ళే మనకి అది చూసుకోవడం ఎంత పని!

ఇంకా కొన్ని ఆ జాలరే చెప్పాడు. లోతు లేని నీళ్ళలో అడుగు ఎత్తి వెయ్యకుండా, ఇసుకని రాసుకుంటూ నడవాలి. తోకలో ముల్లున్న టేకు చేప అడుగున పడుకుని ఉంటుంది. అలికిడికి తప్పుకుంటుంది, మీద కాలు పడితే పొడుస్తుంది. వలల నుంచి ఒడ్డున పడేసిన పాము చచ్చినట్టున్నా ముట్టుకోకూడదు. సముద్రపు పాము విషం చాలా తీవ్రమైనది. జెల్లీ ఫిష్ తగిలితే రుద్దకూడదు, సముద్రపు నీళ్ళతోనే కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవన్నీ ఆయన చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. నేర్చుకోవడానికి ఆయనకి ఒక జీవితం పట్టింది.

సాయంత్రం సూళ్లూరుపేట స్టేషన్ బయట కూర్చుని నా చెప్పులు దులుపుకున్నాను. అట్టలో విరిగిన తుమ్మ ముల్లు ఒకటి ఉంది. ప్యాంటు అంచుకి ఏవో గడ్డి గింజలు అంటుకున్నాయి. ఒక్కొక్కటే ఏరి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. ఇలాంటి గింజలు నాలాంటి వాళ్ళ బట్టల మీదే కొత్త నేలలకి ప్రయాణం చేస్తాయి.

మీరు కూడా వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. అక్టోబరు నుంచి మార్చి దాకా ప్రళయకావేరి పక్షులతో నిండి ఉంటుంది. చూడకుండా ఉండిపోవడం కంటే చూసి ప్రేమించడమే ఆ తీరానికి మేలు. కాని నీళ్ళలోకి దిగేముందు, పడవ ఎక్కేముందు, పక్షి దగ్గరికి పోయేముందు, ఒక మొక్క నాటేముందు, ఒక చేపని వదిలేముందు ఒక్క నిమిషం ఆగండి. ఒడ్డున వల దులుపుకుంటూ ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళని అడగండి. ఆ తర్వాతే అడుగు వెయ్యండి.